చక్రం ఆగాక తీసిన పన్ను

మొదటి రోజు. చక్రం ఆగి అరవై మూడు రోజులు.
నొప్పి: పదికి రెండు.

పన్ను తీయించుకున్న ప్రతివాడూ పది రోజులపాటు తన నోటి సంగతి తానే రాసి డిస్పెన్సరీలో ఇవ్వాలని ఆకాశపు బండలో తవ్విన ఈ గని ఇంక్లైన్‌లో నియమం. ఫారంలో మూడు గళ్లు ఉన్నాయి: నొప్పి ఎంత, రక్తం వస్తున్నదా, ఏం తిన్నావు. రాయడం ఇష్టంలేనివాళ్ల కోసం చేసిన గళ్లు అవి. నేను నలభై ఏళ్లు టెక్నికల్ లైబ్రరీ చూసుకున్నవాణ్ణి. తాళాలు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. నాకు ఫారం వెనక పేజీ కూడా కావాలి.

తీసింది ఎడమవైపు కింది దవడపన్ను. వయసు డెబ్బై నాలుగు, అంటే నా వయసు. పన్నుది కొంచెం తక్కువ. తీసిన మనిషి సమత. ఖనిజం లాగే హాలర్ నడిపే భూమయ్య కూతురు. ఇక్కడే పుట్టి, ఇక్కడే పని నేర్చుకుని, ఇక్కడి పళ్లు చూస్తున్న మొదటి మనిషి. అంతకుముందు పళ్ల డాక్టర్లు భూమి నుంచి వచ్చేవాళ్లు, రెండేళ్లు ఉండి మన భాష రాకుండానే వెళ్లిపోయేవాళ్లు. ఇక్కడివాళ్లకే నేర్పించాలని పట్టుబట్టింది మారుపాక రాజేశం. అప్పుడు వెల్ఫేర్ ఆఫీసరు, ఇప్పుడు కమిటీ అధ్యక్షుడు. అతని గురించి ముందు ముందు రాస్తాను. ఈ కాగితాలు ఎవరైనా చదివితే అతని గురించే చదవాలి.

మేమంతా ఉండే చక్రం తిరిగి మాకు బరువు ఇచ్చే రోజుల్లో పన్ను తీస్తే రక్తం గొంతులోకి జారేది. ఇప్పుడు మనిషికి బరువు లేదు, రక్తానికీ లేదు. నన్ను కుర్చీకి మూడు పట్టీలతో కట్టేసి సమత పని మొదలుపెట్టింది. రక్తం రేగిపండంత ఉండలై నోట్లోంచి బయలుదేరింది. ఆమె ఎడమ చేత్తో పీల్చే గొట్టం పట్టుకుని వాటిని ఒక్కొక్కటే అందుకుంది. ఒకటి తప్పించుకుని ఆమె కళ్లద్దానికి అంటుకుంది. తుడుచుకోలేదు. పని ఆపలేదు. పదకొండు నిమిషాలు పట్టింది.

తర్వాత చేతిలో ఒక కాగితం పెట్టింది. "పన్ను తీసిన తర్వాత" అని పేరు. ఆరు వాక్యాలు. ఆమె చదివి వినిపించబోతుంటే చేత్తో ఆపాను. అది ముప్పై ఒక్కేళ్ల కింద నేను తెలుగు చేసిందే. అసలు నేను రాసింది రెండు వందల పన్నెండు పేజీల పుస్తకం, చిగుళ్ల నుంచి నాలుక దాకా. రాజేశం దాన్ని చూసి, షిఫ్టు దిగి వచ్చినవాడు ఇంత చదవడు, ఒక్క కాగితం చేసి ఇవ్వు అన్నాడు. పుస్తకం పోయింది. కాగితం మిగిలింది.

రేపటిదాకా నియమాలు ఇవి. దూదిగుడ్డ ముప్పావుగంట కొరికి పట్టుకోవాలి. నాలుకతో గుంటను తడమకూడదు. ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు. మెత్తటిది, చల్లటిది తినాలి. తల ఎత్తులో ఉంచి పడుకోవాలి. ఈ చివరిది చక్రం ఆగాక అర్థం లేని మాట. ఇక్కడ ఇప్పుడు ఎత్తు అనేది లేదు.

రెండో రోజు.
నొప్పి: ఒకటి.

గుంటలో రక్తం గడ్డకట్టింది. ఆ గడ్డే గుంటకు మూత. కింద ఎముకా నరమూ ఉంటాయి, వాటిమీద కొత్త చర్మం వచ్చేదాకా ఆ మూత కదలకూడదు. దవడపన్ను తీయించుకున్నవాడు వారం రోజులు చేయాల్సిన పని అంతా దాన్ని కాపాడటమే.

ఈ రోజు నుంచి ఉప్పునీళ్లు. గోరువెచ్చని ఉప్పునీళ్లు సంచిలోంచి నోట్లోకి తీసుకుని, కదపకుండా ఒక నిమిషం ఉంచి, తువ్వాలలోకి వదిలేయాలి. ఉమ్మితే కమిటీ వారం రోజులు కూరలు ఆపేస్తుంది. గాలిలోకి పోయిన చుక్క ఏ ఫ్యానులోకి దూరుతుందో తెలియదు కాబట్టి. నేను ఉమ్మే రకం కాదు.

క్యాంటీను లసుమక్క గంజి పంపింది. గంజి సంచులు, మంచినీళ్ల సంచులు అన్నీ ఒకే రకం: మూతి దగ్గర బిగుతు లాకు ఉంటుంది, గట్టిగా పీలిస్తే తప్ప తెరుచుకోదు. ముసలివాళ్ల బుగ్గలకు అది మంచి వ్యాయామం. రెండు సంచులు తాగాను. గళ్లు నింపాను.

ఇక్కడ చదువుకునేవాళ్లు తక్కువ, చదివింది చదివినట్టు చేసేవాళ్లు ఇంకా తక్కువ. పన్ను తీయించుకున్న వాళ్లందరూ నాలాగా ఆ కాగితం పాటిస్తే డిస్పెన్సరీకి పని ఉండదు.

మూడో రోజు.
నొప్పి: నాలుగు.

పొద్దున్న రెండు. సాయంత్రానికి నాలుగు. తగ్గాల్సిన రోజున పెరుగుతున్నది. తిన్నవి: గంజి, మెత్తగా నలిపిన పప్పన్నం ముద్ద. ఉప్పునీళ్లు ఐదుసార్లు.

నాలుగో రోజు.
నొప్పి: ఎనిమిది.

చెవిదాకా లాగుతున్నది. నోట్లో పాత ఇనుప నీళ్ల రుచి. నా వాసన నాకే తెలుస్తున్నది. తాళ్లు పట్టుకుని లాక్కుంటూ డిస్పెన్సరీకి వెళ్లాను.

సమత అద్దం పెట్టి చూసింది. తర్వాత గడ్డ ఊడిపోయిందనీ ఎముక కనబడుతున్నదనీ చెప్పి, ఉమ్మావా అని అడిగింది. లేదన్నాను. పుక్కిలించావా? లేదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేశానని చెప్పాను. ఆమె తల ఊపింది. నన్ను నమ్మినట్టుంది. ఆ నమ్మకమే ఆమెకు ఎక్కువ బాధ కలిగించినట్టుంది.

గుంటను ఉప్పునీళ్లతో కడిగి, లవంగ నూనెలో తడిపిన సన్నటి గుడ్డ అందులో కూరింది. పది నిమిషాల్లో ఎనిమిది కాస్తా మూడైంది. ఇంతవరకు ఎంతమందికి ఇలా అయిందని అడిగాను.

"నీతోటి ఎనిమిది మంది తాతా" అంది. "చక్రం ఆగినంక."

గదికి వచ్చి కమిటీకి ఫిర్యాదు రాశాను. ఒకటిన్నర పేజీ. "బరువు లేని చోట నిలకడ లేని చేతులకు పనిముట్లు అప్పగించిన బాధ్యత ఎవరిదో కమిటీ తేల్చాలి" అన్నది అందులో కీలకమైన వాక్యం. అది రాసినప్పుడు నా మనసులో ఉన్నది సమత కాదు. ఆమెను ఆ కుర్చీ పక్కన నిలబెట్టిన మనిషి. అధ్యక్షుడు తన పేరు తానే విచారించుకోవాల్సి వస్తే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. వాక్యాలు బాగా కుదిరాయి. ముప్పై ఏళ్లలో నేను రాసినదాన్ని ఎవరైనా చివరిదాకా చదివి తీరాల్సిన సందర్భం ఇదే.

ఐదో రోజు.
నొప్పి: మూడు.

హాజరు వేసే మస్టర్ గోడ మీద నోటీసు. నా ఫిర్యాదు మీద పదో రోజు విచారణ. తప్పు రుజువైతే సమత దగ్గర పనిముట్లు తీసుకుని, అదే రోజు బయలుదేరే ఖనిజం పడవలో కింది డిపోకు పంపుతారు. అక్కడ రాళ్లు ఏరే పని ఇస్తారు. ఇకమీదట పళ్ల పనికి బయటివాళ్లనే తెప్పిస్తారు. కింద సంతకం: మారుపాక రాజేశం.

నేను అతని మీదికి విసిరిన రాయిని అతను ఒక అడుగు పక్కకు జరిగి ఆమెకు తగలనిచ్చాడు. ఇది నేను ఊహించి ఉండాల్సింది. అధికారంలో ఉన్నవాళ్ల గురించి అన్ని పుస్తకాలు చదివి ఇది ఊహించలేకపోయాను.

విచారణ కోసం ఏడాదికి పైగా పళ్లు తీయించుకున్నవాళ్ల ఫారాలన్నీ వెతికి లెక్క తీయమని కబురు వచ్చింది. ఆ పని నాకే. పాత కాగితాలు ఎక్కడున్నాయో ఇంకెవరికీ తెలియదు.

ఆరో రోజు.
నొప్పి: మూడు.

గుడ్డ మార్పించుకోవడానికి వెళ్లాను. వెళ్లకూడదనుకున్నాను కానీ నొప్పి మళ్లీ ఐదు దాకా ఎక్కింది. సమత ఎప్పటిలాగే పట్టీలు బిగించింది, ఎప్పటిలాగే పాత గుడ్డ తీసి, కడిగి, కొత్తది పెట్టింది. చేతులు వణకలేదు. నేను వాటినే చూస్తున్నానని ఆమెకు తెలుసు.

పట్టీలు విప్పుతూ అంది: "నీ పిర్యాదు కాగితం చదివిన. మంచిగ రాసినవ్ తాతా. ఒక్క తప్పు గుడ లేదు."

వెక్కిరింపు అనుకున్నాను. ముఖం చూస్తే అలా లేదు. ఆమె నిజంగానే తప్పుల కోసం వెతికి ఉంటుంది. తనకు అనుకూలమైనది ఒక్కటైనా దొరుకుతుందేమోనని.

ఇలా ఎందుకవుతున్నదని నీకనిపిస్తున్నది అని అడిగాను. ఏమనిపించడానికీ ఏమీ లేదనీ, పనిముట్లు చక్రం తిరిగేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకుంటున్నాననీ, లాగేది కూడా అలాగే లాగుతున్నాననీ చెప్పింది. పన్ను శుభ్రంగా వస్తున్నది. గడ్డ కడుతున్నది. మూడో రోజుకు పోతున్నది. ఎక్కడికి పోతున్నదో అర్థం కావడం లేదు.

ఏడో రోజు.
నొప్పి: రెండు.

ఫారాలు లెక్కపెట్టాను. చక్రం ఆగకముందు ఏడాదిలో ఇరవై ఆరు పళ్లు తీసింది. గడ్డ పోయి గుంట ఎండిపోయింది ఒక్కరికి. చక్రం ఆగాక పదకొండు తీసింది. ఎండిపోయింది ఎనిమిది మందికి.

కమిటీకి ఈ రెండు అంకెలు చాలు, ఆమెను పడవ ఎక్కించడానికి. బరువు పోయాక ఆమె చేతి నిదానం పోయింది అంటారు. నేనే ఆ మాట వాళ్ల నోటికి అందించాను.

ఎండిపోని ముగ్గురి ఫారాలు విడిగా తీశాను. గ్రంథాలయంలో పనిచేసినవాడికి ఉండే అలవాటు ఇది: పోయిన పుస్తకాల జాబితా కంటే, పోకుండా మిగిలినవి ఎందుకు మిగిలాయో చూడటం. మొదటివాడు బండ కూలి దవడ విరిగిన మనిషి. వారం రోజులు డిస్పెన్సరీలోనే సెలైన్ మీద ఉన్నాడు. నోటితో ఏమీ తీసుకోలేదు. రెండో మనిషి ఆ రోజూ మర్నాడూ ఒక్కపొద్దు ఉన్నానని గడిలో రాసింది. మంచినీళ్లు కూడా ముట్టని ఒక్కపొద్దు. మూడోవాడు డ్రిల్లర్ ఐలయ్య, క్యాంటీను లసుమక్క తమ్ముడు. అతని మూడో గడిలో ఒకే మాట ఉంది: "అక్క పెట్టింది."

క్యాంటీనుకు వెళ్లాను. లసుమక్క గిన్నెలకు పట్టీలు కడుతున్నది. తమ్ముడికి ఏం పెట్టావని అడిగితే, పిర్యాదు రాసేటోనికి మా వంట ముచ్చట ఎందుకని అడిగింది. ఆ అమ్మాయికి పనికొస్తుందని చెప్పాను. కాసేపు నన్ను కిందికీ మీదికీ చూసింది.

"సంచిల పోసి జుర్రుకుంటె అది తిండేనా?" అంది. "మావోని మూతి అంత వాచి ఉన్నది, జుర్రుతడా వాడు? గట్క గట్టిగ చేసి చెంచతోటి పెట్టిన. గట్టిగ ఉంటె చెంచకు అంటుకునే ఉంటది, యాడికి వోదు."

మరి నీళ్లు?

"జావ చిక్కగ కాసి చల్లార్చిన. నీళ్లు గుడ అండ్లనే ఉండె గద. మూడొద్దులు సంచి ముట్టనియ్యలె."

ముగ్గురూ మూడు కారణాలవల్ల మూడు వేర్వేరు చోట్ల ఒకే పని చేయలేదు. సంచి పీల్చలేదు. చక్రం తిరిగినప్పుడు మనం గ్లాసుల్లో తాగేవాళ్లం. ఆగాక అందరం పొద్దున్నుంచి పడుకునేదాకా ఆ బిగుతు లాకుల మీద బుగ్గలు లోపలికి పోయేలా పీలుస్తున్నాం. నోట్లో గాలి లేకుండా పీలిస్తే కదిలేది గంజి ఒక్కటే కాదు.

సమత చేతులు పట్టీతో కట్టినంత నిలకడగానే ఉన్నాయి. గడ్డను మేమే మింగేశాం.

ఎనిమిదో రోజు.
నొప్పి: రెండు.

పొద్దున్నే రాజేశం దగ్గరికి వెళ్లాను. పదకొండేళ్ల తర్వాత ఆ గది గడప దాటాను. చెప్పింది అంతా విన్నాడు, మధ్యలో అడ్డం రాలేదు. తర్వాత, ముగ్గురి సంగతి చూసి నిర్ణయం చేయలేమనీ, లసుమక్క గట్క సాక్ష్యం కాదనీ అన్నాడు. పీలిస్తే గడ్డ పోతుందని ఎక్కడైనా రాసి ఉందా? రాసి ఉంటే ఆ కాగితంలో ఎందుకు లేదు?

"కాగితం సూపెట్టు ఓదెలన్నా" అన్నాడు. "మాట మీద ఒక మనిషిని తీసెయ్యలేం, మాట మీద ఉంచలేం."

భూమితో మాటలు కలిసేది మళ్లీ నెలాఖరుకు. అప్పటికి పడవ వెళ్లిపోతుంది. కానీ మూలం నా దగ్గరే ఉంది. భూమి నుంచి వచ్చిన అసలు కాగితం, నేను చేసిన మొదటి తెలుగు ప్రతి, రెండూ లైబ్రరీ ఇనుప పెట్టెలో ఉన్నాయి. ఎందుకు లేదని అతను అడుగుతున్నాడు. నా పుస్తకాన్ని కోసి ఒక్క కాగితం చేసినవాడు అడుగుతున్నాడు. ఏ వాక్యం ఎవరి చేతిలో పోయిందో చూపించే రోజు వచ్చిందనుకున్నాను. పెట్టె తాళం తీసేటప్పుడు, నిజం రాస్తున్నాను, నాకు చాలా సంతోషంగా ఉంది.

మొదటి ప్రతిలో తొమ్మిది వాక్యాలు ఉన్నాయి. మూడు కొట్టేసి ఉన్నాయి. నాలుగోది: "గొట్టంతో పీల్చి ఏదీ తాగరాదు, పీల్చినచో గడ్డ ఊడి, గుంట ఎండిపోవును."

కొట్టేసిన గీత ఎర్రది. ఎర్ర సిరా వాడేది ఈ ఇంక్లైన్‌లో నేనొక్కణ్ణే. గీత చివర నా పొడి సంతకం ఉంది.

పక్క అంచున పెన్సిలుతో, రాజేశం చేతిరాతలో: "గొట్టం మాట ఉంచితే నష్టమేమిటి? రెండు మూడు లైన్లు ఎక్కువైనా పరవాలేదు."

దాని కింద నా రాత: "ఇక్కడ గొట్టాలు ఉన్నది మురుగు పోవడానికి. మనుషులు గ్లాసులతో తాగుతారన్న సంగతి వెల్ఫేర్ ఆఫీసరుగారి దృష్టికి రాలేదేమో. పొట్టిగా కావాలన్నారు. ఇదిగో పొట్టిగా."

చూడగానే రాసిన రోజు గుర్తొచ్చింది. నా పుస్తకం వద్దన్న వారం. ఆ జవాబు నాకెంతో నచ్చింది. అప్పట్లో ఇద్దరు ముగ్గురికి చూపించాను కూడా. తర్వాతి ముప్పై ఏళ్లలో జవాబు మరిచిపోయాను. కోత మాత్రం గుర్తుపెట్టుకుని, దాన్ని అతని ఖాతాలో వేసుకున్నాను.

తొమ్మిదో రోజు.
నొప్పి: ఒకటి.

మూలం ఒక్కటీ చూపించి, తెలుగు ప్రతి పెట్టెలోనే ఉంచితే? ఆలోచించాను. మూలంలో ఆ వాక్యం ఉంది. కానీ మూలం భాష ఇక్కడ నాకు తప్ప ఎవరికీ చదవడం రాదు. అందులో ఏముందో నా మాటే చెప్పాలి. ఫిర్యాదు రాసినవాడే వచ్చి ఫిర్యాదు తప్పని చెబుతుంటే, వాడి మాట మీద ఆధారపడిన అనువాదాన్ని కమిటీ ఎందుకు నమ్మాలి? నేనైతే నమ్మను. కొట్టేసిన ప్రతిలో తెలుగు ఉంది. తారీఖు ఉంది. అధ్యక్షుడి చేతిరాత ఉంది, దాన్ని అతను కాదనలేడు. ఆమెను నిలబెట్టగలిగిన కాగితం అదొక్కటే.

ఎర్ర గీత మీద నీళ్లు పడితే ఎవరు గీశారో తెలియదు. సంచి చేతిలోకి తీసుకున్నాను కూడా. గీతను తడిపితే పెన్సిలు మాట మిగులుతుంది, నా జవాబూ మిగులుతుంది. జవాబును కూడా తడపాలి. అప్పుడు కాగితం అలుక్కుపోయి సాక్ష్యంగా ఏమీ మిగలదు. సంచిని గోడ పట్టీకి తగిలించేశాను.

మధ్యాహ్నం డిస్పెన్సరీ ముందునుంచి వెళ్లాను. సమత పనిముట్లు లెక్కపెట్టి ఒక్కొక్కటీ గుడ్డలో చుట్టి పెట్టెలో కడుతున్నది. వచ్చేవాళ్లకు అప్పగించడానికి. అడక్కుండానే, గుడ్డ రేపు మార్చాలని గుర్తుచేసింది. విచారణకు ముందే వస్తే మంచిదంది, తర్వాత టైం ఉండకపోవచ్చు.

పదో రోజు.
నొప్పి: ఒకటి.

మస్టర్ హాల్లో అరవై మంది దాకా తాళ్లు పట్టుకుని ఉన్నారు. నా ఫిర్యాదు చదివారు. నా రెండు అంకెలు చదివారు. చెప్పుకోవాల్సింది ఏమైనా ఉందా అని సమతను అడిగారు. తను చేసిన తప్పు ఏదో తెలిస్తే చెప్పేదాన్నని ఆమె అంది.

నేను చేయి ఎత్తాను. ముగ్గురి ఫారాల సంగతి చెప్పాను. తర్వాత ప్రతిని పైకెత్తి మొత్తం చదివాను. కొట్టేసిన వాక్యం, పెన్సిలు మాట, దాని కింద జవాబు. జవాబు చదివేటప్పుడు గొంతు మార్చలేదు. హాల్లో వెనకనుంచి ఒకడు నవ్వాడు. జవాబు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తున్నది.

గీత ఎవరిది అని ఒక సభ్యుడు అడిగాడు. నాది అన్నాను.

కాగితం చేతులు మారుతూ రాజేశం దాకా వెళ్లింది. అతను కళ్లజోడు సరిచేసుకుని పెన్సిలు మాట చదివాడు. ఇప్పుడు అతను ఏదైనా అంటాడని ఎదురుచూశాను. ముప్పై ఒక్కేళ్లుగా నేను అతనితో మనసులో వాదిస్తూనే ఉన్నాను. తన వంతు జవాబు చెప్పడానికి ఇంతకంటే మంచి రోజు రాదు.

"గిది నా రాతేనా ఓదెలన్నా?" అన్నాడు. "ఔ, నాదే ఉన్నట్టున్నది. నాకైతె యాదికి లేదు."

నా పుస్తకం గుర్తుందా అని అడిగాను. విచారణలో అడగాల్సిన ప్రశ్న కాదు. ఏ పుస్తకమని అడిగాడు. దాస్తున్నట్టు లేదు. గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు కూడా, మర్యాదకోసం. ఆ రోజుల్లో దినానికి వంద కాగితాలు చూసేవాణ్ణని అన్నాడు.

కేసు కొట్టేశారు. సంచులకు లాకులు వదులు చేసే పని వర్క్‌షాపుకు అప్పగించారు. అప్పటిదాకా పన్ను తీసినవాళ్లకు మూడు రోజులు క్యాంటీను నుంచి చెంచాతో తినే జావ. లైబ్రరీ తాళాలు నా దగ్గర నుంచి తీసుకున్నారు. రాజేశమే అడిగాడు, ఏ కోపమూ లేకుండా, ముసలివాడి భారం తగ్గిస్తున్నట్టు. ఇచ్చాను.

డిస్పెన్సరీకి వెళ్లాను, గుడ్డ మార్చాల్సిన రోజు కాబట్టి. సమత పెట్టె తెరిచి పనిముట్లకు చుట్టిన గుడ్డలు విప్పుతున్నది. నన్ను కుర్చీలో కట్టింది. చూసింది. కొత్త గుడ్డ అక్కర్లేదని, అంచుల నుంచి చర్మం వస్తున్నదని చెప్పింది. పట్టీలు విప్పకుండా అలాగే ఉండిపోయింది.

"రెండు నెల్ల సంది నా చేతులే సూసుకుంటున్న తాతా" అంది. "తినేటప్పుడు, తల దువ్వుకునేటప్పుడు. వణుకుతున్నయా అని. మా నాయినను గుడ సూడమన్న."

మిగిలిన పట్టీలు నేనే విప్పుకున్నాను.

మిగతా ఏడుగురికీ మళ్లీ నొప్పి ఎందుకు వచ్చిందో నువ్వే వెళ్లి చెప్పాలంది. ఫారంలో రాసి పంపడం కాదు, వెళ్లి. సరే అన్నాను. కొత్త కాగితం కూడా నువ్వే రాయి అంది. వద్దు, ఇంకెవరితోనైనా రాయించమన్నాను.

"నువ్వే రాయి. నేను సదువుత" అంది. "ఏదీ కొట్టెయ్యకు."

పదకొండో రోజు.

ఫారం నిన్నటితో అయిపోయింది. ఇది ఎవరూ అడగని పేజీ.

నలుగురిని చూసి వచ్చాను. ఇద్దరు నవ్వేశారు. హాలర్ సెక్షన్ మనిషి ఒకడు ఏమీ అనకుండా తలుపు వేసుకున్నాడు. నాలుగో మనిషి ఒక్కపొద్దు ఉన్నామె అక్క. ఆ దినం తనూ దేవుడి పేరు చెప్పి ఒక్కపొద్దు ఉంటే పోయేదని చెల్లెలు దెప్పుతున్నదట. నన్ను కూర్చోబెట్టి అదంతా చెప్పింది. ఇంకా ముగ్గురు ఉన్నారు.

తర్వాత మూలం ముందు పెట్టుకుని కూర్చున్నాను. పెట్టె తాళం ఇప్పుడు నా దగ్గర లేదు. మూలాన్ని సమత అడిగి తెప్పించింది. దూదిగుడ్డ, నాలుక, ఉమ్మడం, తిండి, తల ఎత్తు. గొట్టం, సంచి, బిగుతు లాకు, ఏ పేరుతో ఉన్నా పీల్చి తాగేది ఏదైనా. ఉప్పునీళ్లు. ఇవి రాయడానికి అరగంట పట్టింది.

ఎనిమిదో వాక్యం, ముప్పై ఒక్కేళ్ల కింద కొట్టేసిన రెండోది, పొగ తాగడం గురించి. ఈ బండ లోపల నలభై ఏళ్లుగా ఎవరూ నిప్పు చూడలేదు. వంట కూడా వేడి పలకల మీద. అగ్గిపుల్ల ఎలా ఉంటుందో సమతకు తెలియదు. ఆ వాక్యం ఇక్కడ ఎవరికీ పనికిరాదు. దాన్ని చదివి జనం నవ్వుతారు, ముసలివాడికి మతి పోయిందంటారు.

కలం ఎత్తాను. చేయి తనంతట తనే దాన్ని దాటేసి తొమ్మిదో వాక్యానికి వెళ్లబోయింది.

"మూడు రోజులు పొగ తాగరాదు" అని రాశాను.